రెండు బారల నీళ్లు, పద్నాలుగు బారల తాడు

సుందర్ రావుకు లంగరు వేయడమంటే ఇష్టమని ఎవరైనా అంటే పద్మలత ఒప్పుకోదు. ఇష్టం అంటే బిర్యానీ మీద ఉండేది, సినిమా మీద ఉండేది. ఆయనది ఇష్టం కాదు, జబ్బు. పడవ కదలడానికి పుట్టిన వస్తువని లోకమంతా అనుకుంటుంటే, అది ఆగడానికే పుట్టిందని నమ్మే మనిషి ఈ భూమ్మీద ఆయన ఒక్కడే. ఆ ఒక్కడూ తిరిగి తిరిగి వరంగల్‌కే రావాలా, వచ్చి తన టికెట్ల కిటికీ ముందే పడవ కట్టేయాలా అని ఆమె రోజుకు నాలుగుసార్లయినా నిట్టూరుస్తుంది.

వర్ధన్నపేట పోయే రోడ్డు పక్కన పెద్ద చెరువుంది. దాని కట్ట మీద రేకుల షెడ్డు, షెడ్డుకొక కిటికీ, కిటికీ వెనక పద్మలత. కట్ట కింద పన్నెండు మంది పట్టే మోటారు బోటు, బోటులో సుందర్ రావు. టికెట్టు కొన్నవాళ్లకు లైఫ్ జాకెట్లు తొడిగి, అవతలి రాళ్లగుట్ట దాకా తీసుకుపోయి, ఓ చుట్టు తిప్పి, పది నిమిషాల్లో ఒడ్డుకు చేర్చాలి. ఉద్యోగమంటే అంతే. ఈ ముక్క పద్మలత ఆయనకు నోటితో చెప్పింది, గడియారం చూపించి చెప్పింది, చివరికి అట్టముక్క మీద రాసి బోటుకు కట్టి కూడా చెప్పింది. ఆ అట్టముక్కను ఆయన మడిచి, వదులైన పెట్రోలు డబ్బా మూత కింద బిగించాడు. చాలా పనికొచ్చిందని మెచ్చుకున్నాడు కూడా.

బోటు చెరువు నడుమకు పోగానే ఇంజను ఆగిపోతుంది. కొత్తవాళ్లు పాడైందేమోనని కంగారు పడతారు. సుందర్ రావు తాపీగా లేచి, ఇనుప గుండు కట్టిన సన్నతాడు నీళ్లలోకి వదిలి లోతు చూస్తాడు. రెండేళ్లుగా రోజూ అదే చోటు, అదే లోతు. రెండు బారలు. రెండు చేతులూ చాపి తాడు కొలుచుకుని, ఏదో కొత్త సంగతి తెలిసినట్టు ప్రతిసారీ తల పంకిస్తాడు. తర్వాత ముక్కు పైకెత్తి గాలి ఎటునుంచి వస్తోందో చూస్తాడు. అప్పుడు, పసిపిల్లను ఉయ్యాలలో వేసినంత జాగ్రత్తగా, పదిహేను కిలోల ఇనుప లంగరును నీళ్లలోకి దించుతాడు. తాడు వదులుతాడు, వదులుతాడు, ఇంకా వదులుతూనే ఉంటాడు. పద్నాలుగు బారలు. అదయ్యాక ఒక కన్ను మూసి, ఒడ్డున వాటర్ ట్యాంకు వెనక సెల్ టవర్ సరిగ్గా దాక్కుందో లేదో చూస్తాడు. టవర్ పక్కకు తొంగిచూస్తే లంగరు జారుతోందని అర్థం, చూడకపోతే పట్టిందని అర్థం. ఈ అర్థాలన్నీ తేలేసరికి పది నిమిషాల ట్రిప్పు అరగంటవుతుంది. వరసలో నిలబడ్డవాళ్లు వచ్చి పద్మలత కిటికీ మీద దబదబా కొడతారు.

ఒకసారి కాలేజీ పిల్లవాడొకడు ఉండబట్టలేక అడిగాడట, లోతు రెండు బారలే అయితే రెండు బారల తాడు చాలదా తాతా అని. సుందర్ రావు వాణ్ని జాలిగా చూశాడట.

"రెండు బారలే ఇస్తే లంగర్ కింద నిలబడ్తది బిడ్డా. నిలబడ్డ లంగర్ ఏం పట్టదు. పండుకోవాలె. తాడు ఇడిస్తెనే అది పండుకుంటది, పండుకుంటెనే బురదను పట్టుకుంటది."

ఆ కుర్రవాడు ఒడ్డుకొచ్చి తన టికెట్టు డబ్బులు చదువుకు పెట్టినట్టయ్యాయని పద్మలతతో మొత్తుకున్నాడు.

ఈ చదువంతా ఆయన ఎక్కడ చదివాడంటే కాకినాడలో. పుట్టింది కాజీపేట రైల్వే క్వార్టర్లలోనే, తండ్రి గ్యాంగ్‌మన్. ఇంట్లో అందరూ రైలు పట్టాల వెంట పోతే ఈయన మాత్రం ఇరవై ఒకటో ఏట అదే రైలెక్కి సముద్రం దాకా పోయి, ఒక సర్వే లాంచీలో తాళ్లు లాగే ఖలాసీగా చేరాడు. అక్కడ ఒడ్డుకూ సముద్రానికీ నడుమ పొడుగాటి ఇసుక దిబ్బ అడ్డంగా ఉంటుందట. బయట అలలు ఎంత ఎగిరినా దిబ్బ లోపల కాలువలాగా నీళ్లు నిలకడగా ఉంటాయట. ఆ నీళ్లలోనే ముప్పై నాలుగేళ్లు. పోటు వచ్చినప్పుడు లాంచీ ముఖం సముద్రం వైపు, నీళ్లు వెనక్కి తీసే పాటు వచ్చినప్పుడు ఊరి వైపు తిరుగుతుంటే, సర్వే వాళ్లు లెక్కలు రాసుకునేంత సేపూ దాన్ని కదలకుండా పట్టి ఉంచడం ఈయన పని. లాంచీకి పెద్దను సరంగు అంటారు. ఈయన సరంగు అయ్యే రిటైరయ్యాడు. భార్య ఏసమ్మ పుట్టిల్లు వరంగల్ మట్టెవాడలో ఉంటే వచ్చి అందులో స్థిరపడ్డాడు. చుట్టుపక్కల రెండు వందల కిలోమీటర్లలో ఎక్కడా ఉప్పునీళ్లు లేని చోట ఒక సరంగు ఏం చేస్తాడో చూద్దామని దేవుడు సరదా పడ్డాడని ఏసమ్మ అంటుంది.

ఏసమ్మ బాధలు వేరు. ఆయన స్కూటరు స్టాండు వేసి ఊరుకోడు. ముందూ వెనకా తాడుతో కరెంటు స్తంభానికి కట్టి, ఎదురుగా ఉన్న దర్జీ దుకాణం బోర్డునూ దాని వెనక వేపకొమ్మనూ ఒక కన్నుతో కలిపి చూసుకుని గానీ కదలడు. మొన్న ఒక ట్రాలీ ఆటో వెనక్కి వస్తూ గుద్దితే స్కూటరు అంగుళం కదల్లేదు, స్తంభం వంగింది. చర్చిలో అయితే గడియారం సరిగ్గా స్తంభం చాటుకు వచ్చే బెంచీ ఆయనకు ఖాయం. ఒక ఆదివారం పాస్టరు గారు మోషేతో మొదలుపెట్టి కల్తీ పాల మీదికి పోతుంటే, ఈయన పక్కాయనతో లంగర్ జారుతాందని గట్టిగా అనేశాడు. వెనక మూడు బెంచీలకు వినబడింది.

ఇవన్నీ వినడానికి బాగానే ఉంటాయి. పద్మలతకు నవ్వే ఓపిక లేదు. తెల్లారి నాలుగున్నరకు లేచి, షిఫ్టు పనికి పోయే భర్త శ్రీనివాస్‌కు డబ్బా కట్టి, ఇల్లు సర్ది, రెండు ఆటోలు మారి కట్ట ఎక్కేసరికే ఆమె పని అయిపోయినట్టు ఉంటుంది. అసలు పని అప్పుడు మొదలవుతుంది. ఇంతకుముందు ఆమె మట్టెవాడలో ఒక చీరల దుకాణంలో తొమ్మిదేళ్లు చేసింది. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడే ఉండాలి. కౌంటర్లో ఆడవాళ్లు కూర్చుంటే గిరాకీ రాదని అక్కడొక నమ్మకం. మోకాళ్లు రెండూ అక్కడే ఇచ్చి వచ్చింది. ఈ బోటింగు ఉద్యోగంలో జీతం తక్కువే, కానీ కుర్చీ ఉంది. నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీ, ఒక చెయ్యి విరిగింది. ఆ కుర్చీ కోసం ఆమె ఎవరి మాటైనా పడుతుంది.

ఆ కుర్చీకే ఎసరొచ్చింది. బోటింగు లీజుకు తీసుకున్నది ఓంప్రకాశ్ సేటు. ఫంక్షన్ హాలు నడుపుకునే మనిషి, దానికి తోడుగా ఉంటుందని అన్నతో కలిసి దీన్నీ తీసుకున్నాడు. ఆయన ఫోన్లో చాలా శాంతంగా చెప్పాడు. ఈ నెల చూస్తాడట. ట్రిప్పులు ఇట్లాగే లేటయితే బోటు అమ్మేసి, తొక్కుడు పడవలు నాలుగు తెస్తాడట. వాటికి సరంగు అక్కర్లేదు. టికెట్టుకు కూడా గోడ మీద ఒక స్టిక్కరు అంటిస్తే జనమే ఫోను పెట్టి కొట్టుకుంటారు, మనిషి అక్కర్లేదు. ఈలోగా ఏ ట్రిప్పు ఎందుకు లేటయిందో రోజూ సాయంత్రం వాట్సాప్ గ్రూపులో పెట్టమన్నాడు. ఆ గ్రూపులో పద్మలత, ఆయన, ఆయన అన్న, ముగ్గురే.

పద్మలత పోయి సుందర్ రావు ముందు నిలబడి, తన మోకాళ్ల సంగతి మొదటినుంచీ చెప్పుకుంది. ఆయన కళ్లు చెమర్చాయి. ఇకనుంచి పది నిమిషాలు దాటనని మాటిచ్చాడు. ఆ మధ్యాహ్నం మూడో ట్రిప్పు నలభై నిమిషాలు పట్టింది.

ఇంక ఏం చేస్తుంది. అందరిలాగే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టింది: మూడో ట్రిప్పు ముప్పై నిమిషాలు లేటు, లంగర్ వల్ల. మర్నాడు రెండు ట్రిప్పులు లేటు, లంగర్ వల్ల. ఆ మర్నాడు ఒకటి, మళ్లీ లంగరే. పెళ్లిళ్ల రోజులు కదా, సేటు వైపు నుంచి ఉలుకూ పలుకూ లేదు.

రెండు వారాలు తిరిగాక ఆ మెసేజీలను వరసగా చూసుకుంటుంటే ఆమెకొకటి తట్టింది. అన్ని ట్రిప్పులూ లేటు కాలేదు. ఫోటోల కోసం వచ్చే పిల్లల ట్రిప్పులు పది నిమిషాలకు అటూఇటుగా ముగిసిపోతున్నాయి. లంగరు వేస్తున్నాడు, లేపేస్తున్నాడు. పోయిన గురువారం లేటు, అంతకుముందు గురువారం లేటు. గురువారం మధ్యాహ్నం సమ్మమ్మ వస్తుంది. పక్క ఊరి ఆడమనిషి, యాభై దాటాయి. భర్తకు పక్షవాతం వచ్చి రెండేళ్లుగా మంచంలో ఉన్నాడు. గురువారం ఆడబిడ్డ వచ్చి ఆయన దగ్గర కూర్చుంటే, ఈమె అంగడికని చెప్పి బయలుదేరి, సంచీ చంకలో పెట్టుకుని బోటెక్కి చివరి సీట్లో ఒదిగి కూర్చుంటుంది. దిగేటప్పుడు చెంప మీద లైఫ్ జాకెట్టు పట్టీ అచ్చు పడి ఉంటుంది. మంగళవారం లేటయింది వరి నాట్లు వేసి వచ్చిన కూలీలతో. శనివారం లేటయింది ఇద్దరు నర్సమ్మలతో, రాత్రి డ్యూటీ దిగి ఇటే వచ్చారట.

పద్మలత కట్ట దిగి పోయి నిలదీసింది. "కాకా, సమ్మమ్మ నిద్రపోతాందని లేటు చేస్తానవా?"

సుందర్ రావు నవ్వలేదు, కోప్పడలేదు. చుక్కాని తుడుచుకుంటూ, "గాలి మారింది బిడ్డా" అన్నాడు.

"ప్రతి గురువారం మారుతదా?"

"గురువారం జర ఎక్కువ మారుతది" అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

ఇటు ఇలా ఉంటే అటు ఓంప్రకాశ్ సేటుకు ఒక పెళ్లికీ ఇంకో పెళ్లికీ మధ్య మెసేజీలు చదవడానికి తీరిక దొరికింది. చదివి కూర్చున్నచోట కూర్చోలేకపోయాడు. మట్టెవాడలో పుట్టినా వాళ్లింట్లో మాట్లాడేది హిందీ. లంగర్ అంటే ఆయనకు ఒకటే తెలుసు: దర్గా ఉర్సులోనో గురుద్వారాలోనో జనాన్ని వరసగా కూర్చోబెట్టి ఉచితంగా పెట్టే భోజనం. పడవకు కట్టే ఇనుప కొక్కేన్ని కూడా లంగర్ అంటారని తెలుసుకునే అవసరం ఆయనకు రాలేదు. బోటు కొన్నాడే గానీ ఎప్పుడూ ఎక్కలేదు. తన బోటులో ఆ ముసలాయన రోజూ ఊరందరికీ అన్నం పెడుతున్నాడని ఆయనకు అర్థమైంది.

ఆ గురువారం మధ్యాహ్నం, తిండి కూడా తినకుండా వచ్చాడు. వచ్చీ రాగానే షెడ్డు వెనక్కి పోయి పొయ్యి కోసం వెతికాడు. నీళ్ల డ్రమ్ము మూత ఎత్తి వాసన చూశాడు. తర్వాత కిటికీ దగ్గరికి వచ్చాడు.

"అక్కా, ఈ లంగర్ ఎన్ని రోజులసంది నడుస్తాంది?"

"మొదటిసంది నడుస్తాంది సేటు."

"రోజుకు ఎన్నిసార్లు?"

"ప్రతి ట్రిప్పుకు."

ఓంప్రకాశ్ కిటికీ చువ్వ పట్టుకున్నాడు. "ఏమేం పెడుతాండు?"

"పెట్టుడు కాదు సేటు, ఏసుడు. ఒక్కటే ఏస్తాండు."

"మనిషికి ఒక్కటా?"

"బోటంతటికి ఒక్కటే. పదిహేను కిలోలుంటది."

"ఎక్కడ ఏస్తాండు?"

"నీళ్లల్ల."

"పదిహేను కిలోలు నీళ్లల్ల ఏస్తాండా?"

"ఏసి మళ్ల తీస్తాండు సేటు. బురద కడిగి, మళ్ల ట్రిప్పుకు అదే ఏస్తాండు."

ఓంప్రకాశ్ గొంతు తగ్గించి, జనం ఏమీ అనడం లేదా అని అడిగాడు. లేటవుతోందని అంటున్నారని పద్మలత ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఇంక లాభం లేదు, కళ్లతో చూస్తానని ఆయన బోటు వైపు నడిచాడు. సాక్షిగా ఆమెనూ రమ్మన్నాడు. కిటికీ మూసి, రెండేళ్లలో మొదటిసారి పద్మలత బోటెక్కింది. కుర్చీ పోయేది ఎలాగూ పోయేదే, పోయేటప్పుడు ఒక చుట్టు తిరిగొస్తే తప్పేమిటని అనుకుంది.

బోటులో సమ్మమ్మ, ముసలి దంపతులిద్దరు, వీళ్లు. చెరువు నడుమ ఇంజను ఆగింది. గుండు దిగింది, రెండు బారలు తేలింది, తల పంకించడం అయింది. లంగరు నీళ్లలోకి జారుతుంటే ఓంప్రకాశ్ నోరు తెరిచి చూశాడు. లంగర్ అంటే ఇదా అని అరవబోతుంటే సుందర్ రావు పెదాల మీద వేలు పెట్టాడు.

"మెల్లగ సేటు. ఇంక పట్టలే. గట్టిగ మాట్లాడితె జారుతది."

జీవితంలో ఎవరి మాటా వినని ఓంప్రకాశ్ గొంతు తగ్గించాడు. ఇనుప ముక్కకు చెవులుంటాయా అని అడగడానికి కూడా గుసగుసగానే అడిగాడు. సుందర్ రావు తాడు తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. కింద లంగరు జారితే చేతికి గుర్రుమని తెలుస్తుందట. గుర్రుమనకపోతే పట్టినట్టట. జర చూసి చెప్పమన్నాడు. సేటు ఫోను జేబులో మోగింది. రెండు చేతుల్లోనూ తాడుంది. మోగి మోగి అదే ఆగిపోయింది.

పద్మలత ఇదంతా చూస్తూ, సేటు ఇప్పుడు తిడతాడు, ఇంకో నిమిషానికి తిడతాడు అనుకుంటూ కూర్చుంది. సమ్మమ్మ తల అప్పటికే పక్కకు వాలింది. నీళ్లు బోటు అడుగున సన్నగా చప్పుడు చేస్తున్నాయి. కట్ట మీది బండ్ల మోత ఎక్కడో వేరే ఊళ్లోది అన్నట్టు వినిపిస్తోంది. తన చేతిలో ఏ పనీ లేదు. చాలా ఏళ్లుగా ఇలాంటిది జరగలేదు. ఆమె మోకాళ్లు చాపుకుంది.

కళ్లు తెరిచేసరికి ఎండ బోటు ఇటువైపు నుంచి అటువైపుకు మారి ఉంది. ఎవరో తల కింద మడిచిన లైఫ్ జాకెట్టు పెట్టారు. ఉద్యోగం పోయింది, అదీ సేటు ముందే గురకపెట్టి పోగొట్టుకుంది. లేచి చూస్తే సమ్మమ్మ ఇంకా నిద్రలోనే ఉంది, ముసలి దంపతులు జంతికలు తింటున్నారు. ఓంప్రకాశ్ సేటు బూట్లు విప్పి, బోటు ముందుభాగాన బాసింపట్టు వేసుకుని, తాడు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. గంట దాటిందని తర్వాత తెలిసింది.

"లేసినవా అక్కా" అని ఆయనే గుసగుసగా అన్నాడు. "ఒక్కసారి సుత గుర్రుమనలే. నువ్వు గుర్రుమన్నవు గని లంగర్ అనలే."

పద్మలత సుందర్ రావు వైపు చూసింది. ఆయన టవర్ వైపు చూస్తూ, గాలి మారింది బిడ్డా, ఆగవలసి వచ్చింది అన్నాడు. చెరువు పళ్లెంలో పోసినట్టు ఉంది. ఆకు కదలడం లేదు. ఆమెకు ఆయన్ని తిట్టాలనీ ఉంది, ఆ ముసలి చేతులు పట్టుకోవాలనీ ఉంది. ఏదీ చేయలేక జుట్టు ముడేసుకుంది.

ఒడ్డున ఓంప్రకాశ్ తొక్కుడు పడవల మాట ఎత్తలేదు. ఆయన ఫోనులో పందొమ్మిది కాల్స్ ఉన్నాయి, ఒక్కదానికీ వెంటనే తిరిగి చేయలేదు. బూట్లు తొడుక్కుని, ట్రిప్పులు మీ ఇష్టం అని మాత్రం అన్నాడు. కారెక్కినవాడు మళ్లీ దిగి వచ్చి, గ్రూపులో లంగర్ అని పెట్టొద్దని, అన్న చూస్తే అన్నాలు పెడుతున్నామనుకుంటాడని చెప్పాడు. మరి ఏం పెట్టమంటారని పద్మలత అడిగితే సుందర్ రావు అందుకున్నాడు. గాలి అని పెట్టు బిడ్డా, ఉన్నదే పెట్టాలె అన్నాడు.

తరువాతి గురువారం పద్మలత అట్లాగే కొట్టింది: మూడో ట్రిప్పు ముప్పై అయిదు నిమిషాలు లేటు, గాలి వల్ల. రెండు నిమిషాలు తిరక్కుండానే పెద్ద సేటు ఫోను. ఓంప్రకాశ్ అన్న, హైదరాబాదులో ఉంటాడు, ఆమెతో మాట్లాడటం అదే మొదలు. ఆయనది తమ్ముడి కంటే గట్టి హిందీ. అందులో గాలి అంటే తిట్టు.

"గాలి ఎవరిచ్చిన్రు?" అన్నాడు.

ఎవరిస్తారు, దేవుడిచ్చాడని చెబితే బాగుండదని, "మా సరంగు చూసిండు సార్, ఆయననే అడగాలె" అంది పద్మలత.

"సరంగు ఇచ్చిండా? ముప్పై అయిదు నిమిషాలా? ఆడోళ్లు ఉన్నరా బోట్ల?"

"ఆడోళ్లున్నప్పుడే జర ఎక్కువుంటది సార్."

అటువైపు ఊపిరి బరువుగా వినిపించింది. "జనం మళ్ల వస్తాన్రా?"

"వస్తాన్రు సార్. ఆ గాలి కోసమే వస్తాన్రు. పోయిన గురువారం మీ తమ్ముడు సుత గంటసేపు కూసున్నడు."

పెద్ద సేటు వచ్చే గురువారం తానే వస్తానని, ఆ సరంగు సంగతి, బోటు సంగతి, టికెట్ల సంగతి అన్నీ ఆ రోజే తేల్చేస్తానని చెప్పి పెట్టేశాడు. గాలికి ఆ భాషలో ఉన్న అర్థం పద్మలతకు అప్పుడు వెలిగింది. కట్ట దిగి, తాడు ఆరబెట్టుకుంటున్న సుందర్ రావుకు జరిగిందంతా చెప్పింది. తమ్ముడు మెత్తబడ్డాడు గానీ ఈయన అట్లాంటివాడు కాడని, ఈసారి ఇద్దరినీ ఇంటికి పంపడం ఖాయమని చెప్పింది.

ఆయన అంతా విన్నాడు. ముక్కు పైకెత్తలేదు, టవర్ వైపు చూడలేదు, గాలి ఊసే ఎత్తలేదు.

"మనిషి ఎట్లుంటడు బిడ్డా? నిద్ర పడుతాందా ఆయనకు?"

పద్మలత ఫోనులో విన్న గొంతు గుర్తు చేసుకుంది. "గొంతు ఇంటే పదేండ్లసంది పోనట్టే ఉన్నది కాకా."

సుందర్ రావు పద్నాలుగు బారల తాడునూ చుట్టలు చుట్టి పక్కన పెట్టి, లేచి చొక్కా తొడుక్కున్నాడు.

"అట్లయితే ఇది సాలదు" అని, మట్టెవాడలో తాళ్ల దుకాణం మూసేలోపు అందుకోవాలని గబగబా కట్ట ఎక్కాడు.